గాలి ఎంతుంది అని కాదు, ఏ గాలి అని అడగాలి
తెరచాప పలకపై నిలబడేవారికి మే నెల ఈదురుగాలికీ జులై పడమటి గాలికీ ఉన్న తేడా ఏమిటి?

మే నెలలో ఒకరోజు రాయ్‌పూర్‌కు వాతావరణ హెచ్చరిక వస్తుంది: గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు. జులైలో బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం ఒడిశా దాటి ఛత్తీస్‌గఢ్ మీదికి వచ్చినప్పుడు ఇంచుమించు అదే అంకె మళ్లీ ఫోన్ తెర మీద కనిపిస్తుంది. గొడుగు పట్టుకుని నడిచేవారికి రెండూ ఒకటే. చెరువులో తెరచాప ఎత్తాలనుకునే మనిషికి మాత్రం మొదటిది ప్రాణం మీదికి తెచ్చే రోజు, రెండోది ఏడాదంతా ఎదురుచూసిన రోజు.

విండ్‌సర్ఫింగ్ అనగానే రాయ్‌పూర్ ఎవరికీ గుర్తుకు రాదు. గోవా, విశాఖ గుర్తుకొస్తాయి. రాయ్‌పూర్‌కు దగ్గరి సముద్రం కళింగపట్నం వైపు, నేరుగా కొలిస్తే సుమారు 400 కిలోమీటర్లు. కానీ తెరచాపకు కావలసింది ఉప్పునీరు కాదు, నీరూ గాలీ. ఊరి నడిమధ్య దీవిలో వివేకానందుడి విగ్రహంతో బూఢా తాలాబ్, జనం ముద్దుగా మెరైన్ డ్రైవ్ అని పిలుచుకునే తేలీబాంధా చెరువు, దక్షిణాన ధమ్తరి దగ్గర మహానదిపై గంగ్రేల్ జలాశయం... నీటికి ఆ ప్రాంతంలో కరవు లేదు. సముద్రం లేని ఊళ్లలోనూ మన దేశంలో తెరచాప క్రీడ బాగా వేళ్లూనుకుందన్న సంగతి చాలామందికి తెలియదు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ-4 పడవ పోటీలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ శిక్షణ పొందింది భోపాల్ చెరువులో. అదే క్రీడల్లో ఈబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో, ఆర్ఎస్:ఎక్స్ అనే తరగతిలో కాంస్యం తెచ్చాడు. ఇక హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏటా వానాకాలంలో తెరచాప పడవల పోటీలు జరుగుతూనే ఉంటాయి.

కాబట్టి అసలు ప్రశ్న నీటి గురించి కాదు. గాలి గురించి.

చుక్కాని లేని పడవ

విండ్‌సర్ఫింగ్ పరికరం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక పలక, దాని అడుగున వెనకవైపు చేప రెక్కలాంటి ఫిన్, పైన కొయ్యకు బిగించిన తెరచాప, చేతులతో పట్టుకోవడానికి బూమ్ అనే వంపు కడ్డీ. చుక్కాని ఉండదు. మామూలు తెరచాప పడవలో కొయ్య నిటారుగా పాతుకుపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం కొయ్య అడుగున అన్ని వైపులకూ వంగే కీలు ఉంటుంది. ఆ కీలే ఈ ఆటకు ప్రాణం. తెరచాపను వదిలేస్తే అది నీళ్లలో పడిపోతుంది. మనిషి పట్టుకుని ఉన్నంతసేపే అది తెరచాప.

ఆ కీలు ఎవరి ఆలోచన అనేదాని మీద పెద్ద గొడవే నడిచింది. అమెరికాలో విమానాల ఇంజినీరు జిమ్ డ్రేక్, వ్యాపారి హోయిల్ ష్వైట్జర్ కలిసి 1968లో పేటెంటుకు దరఖాస్తు చేశారు; 1970లో వచ్చింది. అంతకుముందే, 1964లో, న్యూమన్ డార్బీ అనే మరో అమెరికన్ పలకకు తెరచాప కట్టాడు. ఇక బ్రిటన్‌లో వ్యవహారం కోర్టుకెక్కినప్పుడు, 1958లోనే పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేళ్ల కుర్రవాడు ఇలాంటిదే తయారుచేసి ఆడుకున్నాడని తేలి, 1985లో అక్కడ ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. పిల్లల ఆటను పెద్దల చట్టం గుర్తించిన అరుదైన సందర్భం అది.

చుక్కాని లేకుండా తిప్పడం ఎలా? తెరచాప మీద గాలి బలం అంతా ఒక బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు అనుకోవచ్చు. నీళ్లలో పలకా ఫినూ ఇచ్చే అడ్డు బలం మరో బిందువు దగ్గర. తెరచాపను ముందుకు వాల్చితే గాలి బలం ముందుకు జరిగి, పలక ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది. వెనక్కి వాల్చితే ముక్కు గాలి వచ్చే దిక్కుకు తిరుగుతుంది. అంతే.

వాలుగాలికి పడవ పోవడంలో వింతేమీ లేదు, గోదావరి మీద తెరచాప నావలు తరతరాలుగా చేసిన పని అదే. పక్క నుంచి వచ్చే గాలితో ముందుకెలా పోతుందన్నదే చిక్కు ప్రశ్న. వంపు తిరిగిన తెరచాప గాలి దారిని మళ్లిస్తుంది. మళ్లించినందుకు తెరచాప మీద ఎదురు తోపు పడుతుంది. ఆ తోపులో కొంత ముందుకు, ఎక్కువ భాగం పక్కకు. పక్కకు పోనివ్వకుండా కింద ఫిన్ నీటిని పట్టుకుని ఆపుతుంది. ఇక మిగిలేది ముందుదారే. నానిన చింతపిక్కను రెండు వేళ్ల మధ్య నొక్కితే అది వేళ్లకు అడ్డంగా ఎగిరిపోతుంది కదా, అలాగన్నమాట: ఒక వేలు గాలి, రెండో వేలు నీరు.

గాలి సుమారుగా గంటకు 22 నుంచి 28 కిలోమీటర్లు దాటాక మరో విశేషం జరుగుతుంది. అప్పటిదాకా నీటిని చీల్చుకుంటూ పోయిన పలక ఒక్కసారిగా నీటి పైకి లేచి జారడం మొదలుపెడుతుంది. చెరువులో పెంకుముక్కను పడుకోబెట్టి విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుందే, అదే సూత్రం. నీటి రాపిడి తగ్గుతుంది, వేగం రెట్టింపవుతుంది. ఈ దశ కోసమే విండ్‌సర్ఫర్లు గట్టి గాలిని కోరుకుంటారు. నీటి మీద తెల్లని నురగ తలలు కనిపించడం మొదలయ్యేది కూడా దాదాపు ఆ వేగం దగ్గరే. చేతిలో ఏ పరికరమూ లేనివారికి ఆ నురగే కొలబద్ద.

అంకె రెట్టింపైతే బలం నాలుగింతలు

గాలి తోపు దాని వేగంతో పాటు కాదు, వేగ వర్గంతో పెరుగుతుంది. ఆరు చదరపు మీటర్ల తెరచాపను తీసుకుందాం. దాన్ని తాకే గాలి గంటకు 20 కిలోమీటర్లయితే లాగుడు సుమారు 12 కిలోల బరువంత. 40 అయితే 50 కిలోలు. 60 అయితే 110 కిలోలు దాటుతుంది. ఇది కాగితం మీద వేసుకున్న ముతక లెక్కే. తెరచాప వంపును బట్టి, పట్టుకున్న కోణాన్ని బట్టి కొంత మారుతుంది. అయినా దీన్లో అసలు కథ ఉంది.

ఈ లాగుడుకు ఎదురు నిలిచేది మనిషి బరువు ఒక్కటే. విండ్‌సర్ఫర్ నడుముకు హుక్కున్న బెల్టు కట్టుకుని, దాన్ని బూమ్‌కు తగిలించి, గాలి వచ్చే వైపు వెనక్కి వాలతాడు. గాలి బలం పలక నుంచి సుమారు 1.7 మీటర్ల ఎత్తున పనిచేస్తుందనీ, 70 కిలోల మనిషి తన బరువును ఒక మీటరు దూరం దాకా బయటికి వాల్చగలడనీ అనుకుంటే, అతను నిలవరించగలిగేది దాదాపు 40 కిలోల లాగుడు. ఆ తెరచాపతో అది గంటకు 36 కిలోమీటర్ల గాలి. అంతకు మించితే రెండే దారులు. చిన్న తెరచాప కట్టుకోవాలి, లేదా బూమ్ పట్టు సడలించి గాలిని వదిలేయాలి. గాలి బాగా ఉన్న రోజున మూడు, నాలుగు చదరపు మీటర్ల తెరచాపలతో వచ్చేవారు అందుకే.

మధ్యలో రాయ్‌పూర్‌కు సంబంధించిన చిన్న సంగతి. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది. మేలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. ఎత్తూ వేడీ కలిసి గాలిని పలచన చేస్తాయి. లెక్క వేస్తే ఆ మధ్యాహ్నపు గాలి విశాఖ తీరపు గాలి కన్నా ఆరేడు శాతం తేలిక. అదే వేగానికి తోపు కూడా అంత తక్కువ. సంతోషించాల్సినంత తేడా ఏమీ కాదు.

అసలు ప్రమాదం బలం పెరగడంలో కాదు, ఎంత త్వరగా పెరుగుతుందన్న దానిలో ఉంది. స్కూటరు మీద పోతుంటే ఎదురుగాలి లేకపోయినా ముఖానికి గాలి కొడుతుంది. తెరచాపకు తగిలేది కూడా అలాంటి కలగలుపు గాలే: అసలు గాలి కొంత, పలక వేగం వల్ల పుట్టింది కొంత. పక్క నుంచి 30 కిలోమీటర్ల గాలి వీస్తుండగా పలక కూడా 30తో పోతుంటే, తెరచాపకు తగిలే గాలి 42 కిలోమీటర్ల వేగంతో, ముందు నుంచి 45 డిగ్రీల వారగా వస్తుంది. ఇప్పుడు గాలి ఒక్కసారి 50కి పెరిగిందనుకోండి. పలక అంత త్వరగా వేగం అందుకోలేదు. తెరచాపకు తగిలే గాలి 58కి చేరుతుంది, దాని దిక్కు కూడా 59 డిగ్రీలకు, అంటే పక్కకు తిరుగుతుంది. బలం దాదాపు రెట్టింపు, అదీ సర్దుకోని కోణంలో. బెల్టు హుక్కు ఇంకా తగిలే ఉంటుంది కాబట్టి తెరచాప మనిషిని ఎత్తి ముందుకు విసురుతుంది. ఒడిసెల్లోంచి రాయి వెళ్లినట్టే.

మే నెల గాలి: పై నుంచి కుమ్మరించిన నీళ్లు

ఛత్తీస్‌గఢ్‌లో వేసవి సాయంత్రాల దుమ్ముగాలిని 'అంధడ్' అంటారు. దీని మూలం నేల మీద లేదు, ఆకాశంలో ఉంది. ఎండకు మాడిన నేల గాలిని పైకి పంపుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ చేరితే క్యుములోనింబస్ మేఘం పది కిలోమీటర్లు దాటి ఎదుగుతుంది. దాన్నుంచి వాన మొదలైనప్పుడు, కింద ఉన్న ఎండు గాలి పొరలో చినుకులు సగం దారిలోనే ఆవిరవుతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటాయి. గాలి చల్లబడుతుంది, బరువెక్కుతుంది, కిందికి పడుతుంది. బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే నలువైపులా పరుగెత్తినట్టు, నేలను తాకిన ఆ చల్లగాలి అన్ని దిక్కులకూ దూసుకుపోతుంది. దాని ముందంచు మోసుకొచ్చేదే దుమ్ము గోడ.

ఈదురుగాలికి వాతావరణ శాస్త్రంలో కచ్చితమైన లెక్క ఉంది. గాలి వేగం హఠాత్తుగా కనీసం సెకనుకు 8 మీటర్లు పెరిగి, 11 మీటర్లకు, అంటే గంటకు 40 కిలోమీటర్లకు తగ్గకుండా చేరి, కనీసం ఒక నిమిషం నిలవాలి. రెండు మూడు సెకన్లు విసిరి పోయేది గాలి విసురు మాత్రమే. నిమిషం నిలిచేది ఈదురు. నేల మీద ఆ నిమిషంలో రేకులు లేస్తాయి, కొమ్మలు విరుగుతాయి. నీటి మీద ఆ నిమిషం చాలా పొడవు.

దీని అసలు మాయ మాత్రం అంతకు ముందు నిమిషాల్లో ఉంటుంది. ఎదుగుతున్న మేఘం చుట్టుపక్కల గాలిని తన వైపు లాక్కుంటుంది. కాబట్టి చెరువు మీద చక్కటి, నికరమైన గాలి మేఘం వైపు వీస్తుంటుంది. పలక ఎక్కాలనిపించే గాలి అది. తర్వాత అది ఆగిపోతుంది. తెరచాపకు ఆధారం పోయి మనిషి నీళ్లలో పడతాడు; పలక పక్కనే తేలుతుంటుంది. సరిగ్గా అప్పుడు, పూర్తిగా ఎదుటి దిక్కు నుంచి, పదిహేను ఇరవై సెకన్లలో గాలి సున్నా నుంచి 50కి లేస్తుంది. నిమిషాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా పడిపోవచ్చు. వెంట పిడుగులు. విశాలమైన నీటి మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న వస్తువు నాలుగు మీటర్ల కార్బన్ కొయ్య. దానిలో విద్యుత్తు బాగానే ప్రవహిస్తుంది. ఈ ఒక్క కారణం చాలు ఒడ్డుకు రావడానికి.

జులై గాలి: రోజంతా ఒకే దిక్కు

వానాకాలపు గాలికి ఇంజిను వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా అరేబియా సముద్రం మీదుగా మన ద్వీపకల్పం పైకి, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో, వేగమైన గాలి ప్రవాహం ఒకటి సాగుతుంటుంది. 1960ల చివర దాన్ని వివరించిన ఫిండ్లేటర్ పేరుతో ఫిండ్లేటర్ జెట్ అంటారు. రాత్రిపూట నేల చల్లబడ్డప్పుడు పైగాలికీ కిందిగాలికీ పొత్తు తెగిపోతుంది. పొద్దెక్కాక నేల వేడికి గాలి కలగలిసి, పైనున్న వేగం కిందికి దిగుతుంది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పోటీలకు జులైని ఎంచుకోవడం వెనక ఈ పడమటి గాలి ఉంది. రాయ్‌పూర్ మరింత ఉత్తరాన ఉన్నా, రుతుపవన ద్రోణికి దక్షిణంగా ఉన్న రోజుల్లో ఈ పడమటి, నైరుతి గాలి అక్కడికీ చేరుతుంది. అల్పపీడనం దగ్గరికి వస్తే ఇంకా బలపడుతుంది. వందల కిలోమీటర్ల వెడల్పున్న వ్యవస్థ కాబట్టి అది నిమిషాల్లో మారదు, గంటల్లో మారుతుంది.

అలాగని పెద్ద వ్యవస్థలన్నీ పెద్దమనుషులు కావు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్ మీదుగానే సాగింది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం తాకిన గులాబ్ శేషం కూడా దక్షిణ ఛత్తీస్‌గఢ్, తెలంగాణల మీదుగా పడమరకు పోయి, అరేబియా సముద్రంలో షాహీన్‌గా మళ్లీ లేచింది. తుపాను శేషంలో గాలి నెమ్మదిస్తుంది గానీ, దాని వానపట్టీల్లో ఈదురులు దాగి ఉంటాయి.

చెరువు చిన్నదైతే?

గాలి మంచిదైనా చెరువు దాన్ని పాడుచేయగలదు. గాలికి అడ్డంగా ఉన్న భవనం వెనక గాలి మళ్లీ కుదుటపడటానికి భవనం ఎత్తుకు పది, ఇరవై రెట్ల దూరం కావాలి. చెరువు గట్టున 25 మీటర్ల భవనం ఉంటే, దాని వెనక 250 నుంచి 500 మీటర్ల దాకా గాలి సుడులు తిరుగుతూనే ఉంటుంది. తేలీబాంధా లాంటి ఊరి చెరువులో గాలి దిశను బట్టి సగానికి సగం నీరు ఆ సుడుల కింద ఉన్నట్టే. హుస్సేన్‌సాగర్ పెద్దది కాబట్టి నడిమధ్యలో గాలి కాస్త తేరుకుంటుంది. రాయ్‌పూర్ పరిసరాల్లో చూస్తే గంగ్రేల్ లాంటి విశాలమైన జలాశయమే ఇందుకు మేలు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 2015 నవంబరులో ఫ్రాన్సుకు చెందిన ఆంత్వాన్ అల్బో 53.27 నాట్ల వేగంతో, అంటే గంటకు 98 కిలోమీటర్లకు పైగా, విండ్‌సర్ఫింగ్ రికార్డు నెలకొల్పింది సముద్రంలో కాదు. నమీబియాలోని ల్యూడెరిట్జ్‌లో, ఒడ్డు పక్కన తవ్విన ఇరుకు కాలువలో. ఎడారి గాలికి అడ్డు లేదు. కాలువ ఇరుకు కాబట్టి అల లేవదు. గట్టి గాలీ, అద్దంలాంటి నీరూ ఒకేచోట. అంటే నీరు చిన్నదైనా ఇబ్బంది లేదు. చుట్టూ ఏముందన్నదే లెక్క.

వదిలేయగలగడం

2018 మే 15న తూర్పుగోదావరి జిల్లా మంటూరు దగ్గర గోదావరిలో ప్రయాణికుల లాంచీ ఒకటి ఈదురుగాలికి బోల్తాపడి మునిగిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్తలో తెరచాప లేదు. కానీ గాలికి పక్కగోడ కూడా తెరచాపే. 30 చదరపు మీటర్ల పక్కగోడ ఉన్న లాంచీని ఊహించుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల గాలి దాన్ని అర టన్నుకు మించిన బలంతో నెడుతుంది. వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు, పరదాలు మూసే కొద్దీ ఆ గోడ పెరుగుతుంది, బయటపడే దారి తగ్గుతుంది.

విండ్‌సర్ఫర్‌కు ఉన్న ఒక్క వెసులుబాటు లాంచీకి లేదు. అతను బూమ్‌ను వదిలేస్తే చాలు, తెరచాప క్షణంలో నీళ్ల మీద పడిపోయి బలం సున్నా అవుతుంది. అందుకే శిక్షకులు మొదట నేర్పేది పట్టుకోవడం కాదు, వదలడం. ఆ తర్వాత నేర్పేది పలకను మాత్రం వదలకూడదని. లైఫ్ జాకెట్ ఉన్నా సరే, ఈదుకుంటూ ఒడ్డుకు పోదామనుకోవడం తప్పు. పలక మునగదు, దూరం నుంచి కనిపిస్తుంది, చెరువులో అయితే ఏ గాలైనా చివరికి ఏదో ఒక గట్టుకు చేరుస్తుంది.

మేఘం తల కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకోవడం, ఉన్నట్టుండి గాలి పడిపోవడం, ఎక్కడి నుంచో తడి మట్టి వాసనతో చల్లని తెమ్మెర రావడం: ఈ మూడూ కనిపించాక మిగిలేది నిమిషాలే. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఇచ్చే నౌకాస్ట్ హెచ్చరికలు, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ పిడుగుల సమాచారం అంతకన్నా ముందే చెబుతాయి.

అరచేతిలో ఇమిడే గాలి కొలమానం ఉంటే ఇంకా మంచిది. గట్టున నిలబడి పది నిమిషాలు కొలిచి, సగటుతో పాటు అన్నిటికన్నా పెద్ద విసురును కూడా రాసుకోవాలి. జులైలో ఒక పూట సగటు 24, పెద్ద విసురు 31 ఉండొచ్చు. మేలో ఒక సాయంత్రం సగటు అదే 24 ఉండి, పెద్ద విసురు 52 ఉండొచ్చు. ఫోన్‌లోని యాప్ చాలాసార్లు పెద్ద అక్షరాల్లో చూపించేది ఆ 24నే. రెండో అంకె దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.